వార్ధక్యంలో మందుల మార్పు: తెలుగు వాడుకలోని అర్థచ్ఛాయలు - అవగాహన

వ్యాససంగ్రహం:
ఏళ్ల తరబడి వాడుతున్న మందును వైద్యులు మార్చినప్పుడు వృద్ధుల శరీరమూ దినచర్యా రెండూ దానికి సర్దుకోవలసి ఉంటుంది. ఆ సర్దుబాటులో అధికభాగం మాటల మీదుగానే జరుగుతుంది. 'మార్చడం', 'తగ్గడం', 'పడకపోవడం', 'పూట', 'వారం' వంటి సామాన్యపదాలు చెప్పేవారికి ఒక అర్థాన్ని, వినేవారికి మరొక అర్థాన్ని ఇచ్చే సందర్భాలను, వాటి వెనుక ఉన్న శారీరక కారణాలను వివరించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: వార్ధక్యం, మాత్ర, మోతాదు, సాత్మ్యం, పూట, నానార్థాలు, వైద్యభాష.

1. ప్రవేశిక:
వృద్ధుల మందుల గురించిన చర్చ సాధారణంగా వైద్యశాస్త్ర పరిధిలోనే జరుగుతుంది. అయితే మందుల చీటీ ఆంగ్లంలో ఉంటుంది. దాన్ని మందుల షాపులోని వ్యక్తి తెలుగులో చెబుతాడు. కొడుకో కోడలో మనవరాలో ఇంట్లో మళ్లీ చెబుతారు. మింగేవారు తమ మాటల్లో గుర్తుపెట్టుకుంటారు. ఒక్క సూచన మూడు నాలుగు నోళ్లు మారి చేరవలసిన చోటికి చేరుతుంది. ఈ ప్రయాణంలో భాష పాత్రను భాషాధ్యయనం చేసేవారు పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదనే చెప్పాలి. మాండలిక పదకోశాల్లో వ్యవసాయ, చేనేత, మత్స్యకార వృత్తిపదాలకు దక్కిన చోటు రోగి భాషకు దక్కలేదు.

2. మాత్ర - మోతాదు:
ఈ రంగంలోని రెండు ముఖ్యమైన మాటల వ్యుత్పత్తితో ప్రారంభించడం సముచితం. 'మాత్ర' సంస్కృతంలో కొలత. ఛందస్సులో లఘువును ఉచ్చరించే కాలం మాత్ర. ఔషధం విషయంలో ఇవ్వదగిన పరిమాణం మాత్ర. తెలుగులో ఆ పరిమాణం పేరే వస్తువుకు పేరై, గుండ్రని బిళ్ళను మాత్ర అనడం స్థిరపడింది. కన్నడ, తమిళాల్లోనూ ఇదే పరిణామం కనిపిస్తుంది. 'మోతాదు' ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ పదం. మూలంలో దాని అర్థం 'అలవాటైనది' అని. అంటే ఒక పదం కొలతను, మరొకటి అలవాటును తమలో దాచుకున్నాయి. మందు మారినప్పుడు వృద్ధులు ఎదుర్కొనే ఇబ్బంది ఈ రెంటికీ సంబంధించినదే: కొలత మారుతుంది, అలవాటు మారదు.

వాడుకలో 'మాత్ర'కు పర్యాయాలు చాలా ఉన్నాయి. తెలంగాణలో 'గోలీ', కోస్తాలో 'బిళ్ళ' ఎక్కువగా వినిపిస్తాయి. వీటికి ముందు చేరే విశేషణం మరీ ముఖ్యం: 'షుగర్ బిళ్ళ', 'బి.పి. గోలీ', 'గులాబీరంగు బిళ్ళ', 'సగం గీత ఉన్న మాత్ర'. రోగం పేరుతోనో రంగుతోనో ఆకారంతోనో గుర్తుపెట్టుకోవడమే తప్ప మందు పేరుతో గుర్తుపెట్టుకోవడం అరుదు. ఇది అజ్ఞానం కాదు. చూపు మందగించినవారికి, ఆంగ్లలిపి రానివారికి రంగూ ఆకారమూ నమ్మదగిన గుర్తులే. ఆ గుర్తులు చెరిగిపోయినప్పుడే చిక్కు వస్తుంది. ఒకే మందు వేరే కంపెనీ పేరుతో వచ్చినా, 2008లో మొదలైన జన ఔషధి దుకాణంలో కొన్నా రంగు మారవచ్చు. మందు అసలు పేరును వాణిజ్యనామం కంటే పెద్ద అక్షరాలతో ముద్రించాలన్న నిబంధన 2018 నుంచి అమలులో ఉన్నా, అది ఆంగ్లం చదవగలవారికే ఉపకరిస్తుంది.

3. వయసుతో మారే శరీరం:
ఇరవై ఏళ్లుగా సరిపోయిన మందు ఇప్పుడెందుకు మార్చాలన్నది వృద్ధులు తరచుగా వేసే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. మందు అదే అయినా దాన్ని స్వీకరించే శరీరం అదే కాదు. వయసుతో దేహంలో నీటి శాతం తగ్గి, కొవ్వు శాతం పెరుగుతుంది. అందువల్ల డయాజెపామ్ వంటి కొవ్వులో కరిగే మందులు ఎక్కువకాలం నిలిచిపోతాయి. కాలేయానికి రక్తప్రసరణ, మూత్రపిండాల వడపోత సామర్థ్యం తగ్గుతాయి. కండరాల పరిమాణం కూడా తగ్గడం వల్ల రక్తపరీక్షలో క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు. కానీ వడపోత అప్పటికే మందగించి ఉంటుంది. మెట్‌ఫార్మిన్ మోతాదును తగ్గించడానికో, పూర్తిగా ఆపడానికో తరచుగా ఇదే కారణమవుతుంది.

గ్లిబెన్‌క్లమైడ్ మరో ఉదాహరణ. మధుమేహానికి ఒకప్పుడు విస్తృతంగా వాడిన ఈ మందు వృద్ధులలో రక్తంలోని చక్కెరను గంటల తరబడి ప్రమాదకరస్థాయికి దించగలదు. వృద్ధులకు తగని మందుల జాబితాను అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ 1991లో మొదట రూపొందించాడు. అమెరికా వార్ధక్య వైద్యసంఘం దాన్ని నవీకరిస్తూ వస్తోంది. 2023లో మరోసారి సవరించింది. గ్లిబెన్‌క్లమైడ్‌ను వృద్ధులకు వాడకపోవడమే మేలని ఆ జాబితా సూచిస్తుంది. అటువంటప్పుడు వైద్యులు మందు మార్చడం పాత వైద్యుని తప్పును దిద్దడం కాదు. ఈ సంగతి చెప్పకపోతే రోగి మనసులో పాత వైద్యుని మీదో కొత్త వైద్యుని మీదో అపనమ్మకం నిలుస్తుంది. ఆ అపనమ్మకమే పాత బిళ్ళల డబ్బాను పారేయనివ్వదు.

4. 'మార్చారు' అన్న మాటలో నాలుగు అర్థాలు:
"డాక్టరుగారు మందు మార్చారు" అన్న వాక్యానికి వాడుకలో కనీసం నాలుగు అర్థాలున్నాయి. పాతది ఆపి కొత్తది ఇవ్వడం, పాతదానికి కొత్తది చేర్చడం, అదే మందు మోతాదును పెంచడం లేదా తగ్గించడం, అదే మందును వేరే కంపెనీ పేరుతో ఇవ్వడం. సందర్భం తెలిసినవారికి అయోమయం ఉండదు. వృద్ధులకు ఆ సందర్భం చాలాసార్లు తెలియదు.

ఒక ఊహాత్మక సందర్భాన్ని తీసుకోవచ్చు. రక్తపోటుకు ఆమ్లోడిపిన్ వాడుతున్న 70 ఏళ్ల వృద్ధురాలికి వైద్యుడు టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ రెండూ కలిసి ఉన్న ఒకే మాత్రను రాశాడనుకుందాం. ఆమె ఉదయం పాత తెల్లబిళ్ళ, రాత్రి కొత్తబిళ్ళ వేసుకుంటుంది. అడిగితే "పాతది ఆపమని ఎవరూ చెప్పలేదు కదమ్మా" అంటుంది. ఆమె అన్నది నిజమే. చీటీలో కొత్తది రాసి ఉంది. పాతదాని ప్రస్తావనే లేదు. రాయకపోవడమంటే ఆపమనడమని వైద్యుని భావన. రాయకపోవడమంటే కొనసాగించడమని ఆమె భావన. ఫలితంగా ఆమ్లోడిపిన్ రెండింతలవుతుంది. చీలమండలు వాస్తాయి. ఆ వాపును కొత్త రోగమనుకొని మరోచోట మూత్రం జారీ అయ్యే మందు తీసుకుంటే, రాత్రి నాలుగుసార్లు లేవడం, చీకట్లో తూలిపడడం. మందు వల్ల కలిగిన లక్షణానికి మరొక మందు చేరే ఈ గొలుసును వైద్యసాహిత్యం ప్రత్యేకంగా గుర్తించింది. ఇక్కడ ఆ గొలుసు తొలి కొక్కెం ఒక క్రియాపదం.

ఈ చిక్కుకు మరో రూపం ప్రవాసంలో కనిపిస్తుంది. అమెరికాలోని పిల్లల దగ్గరకు ఆరు నెలలకు వెళ్లే తల్లిదండ్రులు మందులు వెంట తీసుకెళ్తారు. అవి అయిపోతే అక్కడి పేర్లు వేరు. ఇక్కడి పారాసెటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ అల్బ్యుటెరాల్, గ్లిబెన్‌క్లమైడ్ గ్లైబ్యురైడ్. కొత్త పేరున్నది కొత్త మందేనని భావించి రెండూ వేసుకునే అవకాశం చదువుకున్నవారికీ ఉంటుంది.

5. 'తగ్గింది', 'పడదు', 'వేడి చేసింది':
'తగ్గు' ధాతువు రోగం విషయంలో రెండర్థాలనిస్తుంది: పరిమాణం క్షీణించడం, నయం కావడం. "జ్వరం తగ్గింది" అంటే జ్వరం పోయిందనే. అదే వాక్యనిర్మాణంతో "బి.పి. తగ్గింది" అన్నప్పుడు వైద్యుడు ఉద్దేశించేది అంకెను, వినేవారు గ్రహించేది స్వస్థతను. తగ్గిన రోగానికి మందెందుకన్నది ఆ తరువాత తార్కికంగా వచ్చే ప్రశ్న. మందు వల్లనే అదుపులో ఉందన్న అర్థం 'తగ్గింది'లో లేదు. 'అదుపులో ఉంది' అన్న మాటలో ఉంది. రెండు మాటలకూ శ్రమ ఒకటే.

'పడు' సంగతి ఇంకా ఆసక్తికరం. "ఆ మందు నాకు పడదు" అన్న వాక్యంలో మందు కర్త, రోగి చతుర్థీ విభక్తిలో ఉంటారు. మనుషుల మధ్య పొసగకపోవడాన్నీ "వాళ్లిద్దరికీ పడదు" అనే అంటాం. ఆయుర్వేదంలోని 'సాత్మ్యం' ఈ భావనకు దగ్గరగా ఉంటుంది. నిరంతర సేవనం వల్ల శరీరానికి అనుకూలమైనది సాత్మ్యం. అయితే 'పడకపోవడం' అన్న ఒక్కమాట కింద భిన్నమైన విషయాలు కలిసిపోతున్నాయి. దద్దుర్లు, ముఖం వాపు వస్తే అది ఎలర్జీ. మందు వెంటనే ఆపి వైద్యసహాయం పొందాలి. రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి మందులతో వచ్చే పొడిదగ్గు తెలిసిన దుష్ప్రభావం. దానికి టెల్మిసార్టాన్ వంటి ప్రత్యామ్నాయం ఉంది. మొదటి వారాల్లో కడుపులో తిప్పడం మెట్‌ఫార్మిన్‌కు సహజం. చాలామందిలో క్రమంగా సర్దుకుంటుంది. మూడింటికీ "పడలేదు" అన్నదే మాట. కాబట్టి "ఏమయింది?" అన్న తరువాతి ప్రశ్న వేయనిదే ఆ మాట పూర్తి కాదు.

'వేడి చేయడం' తెలుగువారి దేహభావనలో లోతుగా నాటుకున్నది. కొత్తమందుతో నోరు ఎండినా, మూత్రం మండినా, మలబద్ధకం వచ్చినా వేడి చేసిందంటారు. మజ్జిగ, కొబ్బరినీళ్లు, సబ్జా గింజలు విరుగుడు. ఇందులో హాని లేదనే అనిపిస్తుంది. చాలామందికి లేదు కూడా. కానీ కొబ్బరినీళ్లలో పొటాషియం అధికం. టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ వంటివి వాడుతూ మూత్రపిండాలు మందగించినవారిలో రక్తంలోని పొటాషియం పెరిగితే గుండెలయ దెబ్బతినవచ్చు. సలవ చేస్తుందని రోజూ తాగేది ప్రమాదమయ్యే సందర్భం ఇది.

తల తిరగడానికి సంబంధించిన మాటలదీ ఇదే స్థితి. రక్తపోటు మందు మారిన తొలివారాల్లో లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే వైద్యులు దాన్ని ప్రత్యేక సమస్యగా లెక్కిస్తారు. "కళ్లు బైర్లు కమ్మాయి", "తూలు వచ్చింది" అన్నవి దీన్ని చక్కగా వర్ణించే మాటలు. "కళ్లు తిరిగాయి" అన్నది మాత్రం చక్కెర పడిపోవడానికీ, చెవిలోని సమతౌల్య లోపానికీ సమానంగా వర్తిస్తుంది. తెలంగాణలో తల తిరగడాన్ని 'చక్కర్ రావడం' అంటారు. ఆ మాండలికం తెలియని చెవికి అది 'చక్కెర'గా వినబడితే వింతేమీ లేదు.

6. పూట - వారం:
శార్ఙ్గధరసంహిత ఔషధసేవనానికి ఐదు కాలాలను చెప్పింది. అష్టాంగహృదయం పది చెప్పింది. భోజనానికి ముందు, మధ్య, తరువాత అన్న భేదాలు అందులో ఉన్నాయి. తెలుగువారి 'పరగడుపు', 'అన్నం తిన్నాక', 'పడుకోబోయే ముందు' ఆ సంప్రదాయానికి దూరమైనవి కావు. 'పూట' అంటే కాలభాగమే అయినా వాడుకలో అది భోజనంతో ముడిపడింది. పూట గడవడమంటే తిండి దొరకడమే. అందుచేత "రెండుపూటలా వేసుకోండి" అన్న సూచన 12 గంటల వ్యవధిగా కాక రెండు భోజనాలుగా అర్థమవుతుంది. ఏకాదశినాడు, కార్తీక సోమవారంనాడు, ఒక్కపొద్దు ఉన్నరోజున భోజనం మారుతుంది. ఆ రోజు గ్లిమెపిరైడ్ వంటి బిళ్ళ మామూలుగా వేసుకుంటే చక్కెర పడిపోతుంది. ఉపవాసాల సంగతి ముందే అడిగి, ఆ రోజున ఏం చేయాలో చెప్పడం మందు మార్పులో భాగం కావాలి.

థైరాక్సిన్ పరగడుపునే వేసుకోవాలి. కాఫీకి కనీసం అరగంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. తెల్లవారకముందే కాఫీ తాగే అలవాటున్న ఇంట్లో ఇది మందు మార్పు కాదు, జీవనక్రమం మార్పు. పైగా దాని అర్ధాయువు సుమారు ఏడు రోజులు కావడం వల్ల మోతాదు మార్చిన ప్రభావం ఆరు నుంచి ఎనిమిది వారాలకు గాని పరీక్షలో తేలదు. "వారమయింది, ఏమీ గుణం కనిపించలేదు" అని మానేసేవారికి ఈ లెక్క ముందుగా తెలియాలి.

'వారం' అన్న పదానికీ రెండర్థాలున్నాయి: ఏడు రోజుల సముదాయం, ఆ ఏడింటిలో ఒక దినం. "ఈరోజు ఏ వారం?" అని అడిగే తరం ఇంకా ఉంది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవలసినది; పొరపాటున రోజూ వేసుకుంటే ఎముకమజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. "వారానికి ఒకటి" అన్న మాట కంటే "ప్రతి బుధవారం మాత్రమే" అని రోజు పేరుతో చెప్పడం క్షేమకరం.

7. పాదాంశిక క్రమం:
కొన్ని మందులను హఠాత్తుగా ఆపకూడదు. ఎటెనొలాల్ వంటివి ఒక్కసారిగా మానితే గుండెదడ, ఛాతీనొప్పి తిరగబెట్టవచ్చు. ఏళ్లుగా వాడిన నిద్రమాత్రలను, స్టెరాయిడ్లను మెట్లు దిగినట్టు తగ్గించాలి. చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో అహితమైన అలవాటును పాదం వంతున విడుస్తూ, హితమైనదాన్ని అదే క్రమంలో చేర్చుకోవాలన్న పద్ధతి ఉంది. అది ఆహారవిహారాలకు సంబంధించినది. నేటి మందులకు ప్రమాణంగా చూపడం పొరపాటు. కానీ ఆ భావన పరిచితమైనది కావడం వల్ల, మోతాదును మెల్లగా తగ్గించడమెందుకో పెద్దవారికి వివరించడానికి పనికివస్తుంది. ఆ క్రమంలో మాత్రను విరవడం గురించి కూడా చెప్పాలి. నెమ్మదిగా కరిగేలా తయారైన మాత్రలను నూరితే రోజంతటి మందు ఒక్కసారే రక్తంలో చేరుతుంది. మింగలేక రోట్లో నూరి తేనెతో తీసుకునేవారు ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఆయుర్వేద అనుపానం నుంచి వచ్చిన అలవాటు అది.

ఈ దృష్ట్యా మందుల చీటీ అడుగున తెలుగులో మూడు వాక్యాలకు చోటుంటే చాలు: "ఈ రోజు నుంచి ఆపవలసినవి", "కొత్తగా మొదలుపెట్టవలసినవి", "ఇదివరకటిలాగే వాడవలసినవి". వీటిలో మొదటి వాక్యం నేటి చీటీల్లో అరుదుగా కనిపిస్తుంది. పాత బిళ్ళల డబ్బాను తరువాతిసారి ఆసుపత్రికి తీసుకురమ్మని చెప్పి, అందులోనివి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టించి, దేనికి వేసుకుంటున్నారో వారి మాటల్లోనే చెప్పించుకుంటే ఆ ఖాళీ ఎంతో బయటపడుతుంది.