తట్టగానే రాసిపెట్టండి!

స్నానం చేస్తుంటే ఓ మంచి ఆలోచన తడుతుంది. తల తుడుచుకుని బయటికొచ్చేసరికి మాయం! బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే బ్రహ్మాండమైన ఉపాయం మెరుస్తుంది. ఇల్లు చేరేలోపు ‘అబ్బ, ఏదో అనుకున్నానే...’ అని తల గోక్కోవడమే మిగులుతుంది. కొత్త ఆలోచనలు మేధావులకే వస్తాయనుకుంటాం. కాదు, అందరికీ వస్తాయి. కొందరు పట్టి ఉంచుతారు, మిగతావాళ్లు వదిలేస్తారు. ఆ పట్టుకునే విద్య నేర్చుకోవడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. అవనిగడ్డ, బందరు చుట్టుపక్కల ఊళ్లే చక్కటి పాఠాలు చెబుతాయి.

ఒకటి కాదు... ముప్ఫై!

జాతీయ జెండా అనగానే గుర్తొచ్చే పింగళి వెంకయ్యది మొవ్వ మండలంలోని భట్లపెనుమర్రు. దేశానికో జెండా ఉండాలన్న ఆలోచన వచ్చాక ఆయన ఒక్క బొమ్మ గీసి ఊరుకోలేదు. 1916లో ఆయన తెచ్చిన పుస్తకంలో ఏకంగా 30 నమూనాలున్నాయి! 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీజీకి చూపించారు. రాట్నం ఉండాలన్నది జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ సూచన. తెలుపు చేర్చమన్నది గాంధీజీ. 1931లో కాషాయం వచ్చింది. 1947 జులై 22న రాట్నం స్థానంలో అశోకచక్రం నిలిచింది.

ఇందులో రెండు సంగతులున్నాయి. ఎన్ని ఎక్కువ ఉంటే ఎంచుకోవడానికి అంత వీలు. రెండోది, ఆలోచన కాగితం మీదికి వచ్చింది కాబట్టే నలుగురూ దాన్ని చూసి, మార్చి, మెరుగుపరచగలిగారు. మనసులోనే ఉండిపోయిన జెండాకు చక్రం ఎవరు అతికిస్తారు?

మీరూ ప్రయత్నించండి. ఏ సమస్యకైనా పది ఉపాయాలు రాయండి. మొదటి మూడూ అందరికీ తట్టేవే. ఆ తర్వాత బుర్ర మొరాయిస్తుంది. అక్కడ ఆపకండి, కొత్తవి మొదలయ్యేది అక్కడే!

కలలో వచ్చినా సరే

ఘంటసాల మండలం శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు ఆలయం ఉంది. కళింగ దండయాత్రకు వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు అక్కడ ఆగాడనీ, స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడనీ ‘ఆముక్తమాల్యద’ మొదట్లోనే ఉంది. కల అందరికీ వస్తుంది. దాన్ని పుస్తకం దాకా తీసుకెళ్లడమే గొప్ప!

ఆస్ట్రియాలో పనిచేసిన శాస్త్రవేత్త ఆటో లోవీదీ ఇలాంటి అనుభవమే. దాదాపు వందేళ్ల కిందట ఓ రాత్రి కలలో ఒక ప్రయోగం తట్టింది. లేచి చీటీ మీద గిలికి పడుకున్నాడు. పొద్దున చూస్తే ఆ రాత ఆయనకే అర్థం కాలేదు! అదృష్టం బాగుండి మర్నాడు రాత్రి అదే కల వచ్చింది. ఈసారి నేరుగా ప్రయోగశాలకే పరుగెత్తాడు. నరాలు రసాయనాల ద్వారా సందేశాలు పంపుతాయని తేల్చిన ఆ పరిశోధనే ఆయనకు 1936లో నోబెల్ తెచ్చిపెట్టింది. అందరికీ రెండోసారి కల రాదు. కాబట్టి అర్థమయ్యేలా రాసుకోవాలి.

పాతదానికి కొత్త జత

పెడనలో కలంకారీ అద్దకం చూశారా? టేకు చెక్క మీద చెక్కిన అచ్చులుంటాయి. ఈ అంచుకు ఆ పువ్వు జతచేస్తే కొత్త చీర. కొత్త ఆలోచన కూడా చాలాసార్లు ఇంతే... పాతవి రెండు కలవడం. అలా కలవాలంటే అచ్చులు దాచినట్టే ఆలోచనల్నీ దాచుకోవాలి. నిరుడు పనికిరాదనుకున్నది రేపు ఇంకోదానికి జత కావచ్చు.

ముందు ఒంటరిగా...

నలుగురూ కూర్చుని తోచింది చెప్పడం, ఎవరినీ విమర్శించకపోవడం... ఈ పద్ధతిని అమెరికాకు చెందిన అలెక్స్ ఆస్బోర్న్ ప్రచారంలోకి తెచ్చాడు. విమర్శ వద్దన్న సూత్రం బాగానే ఉంది. కానీ ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి కదా! ఆ ఆగడంలోనే చాలా ఆలోచనలు ఆవిరైపోతాయని 1987లో డీల్, స్ట్రోబ్ అనే పరిశోధకులు ప్రయోగాలు చేసి చూపించారు. అందుకే ముందు ఎవరికివారు రాసుకుని, తర్వాత కలిసి చదువుకోవడం మేలు.

ఇలా చేయండి

* జేబులో పట్టే చిన్న పుస్తకం, పెన్ను ఎప్పుడూ వెంట ఉంచుకోండి. నడుస్తున్నప్పుడైతే ఫోన్లో గొంతు రికార్డు చేయండి.
* తేదీ వేయండి. ఒక్క ముక్క కాదు, పూర్తి వాక్యం రాయండి.
* రాసేటప్పుడు మంచిదా చెడ్డదా అని తూకం వేయకండి.
* వారానికోసారి పాతవి తిరగేయండి. ఒక్కదాన్నయినా చేసి చూడండి.
* పిల్లలు అడిగే వింత ప్రశ్నల్నీ వాళ్ల చేతే రాయించండి.

టీచరు ఉద్యోగాల కోచింగ్‌కు అవనిగడ్డ పెట్టింది పేరు. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు జవాబులతో నోట్సులు నింపుతుంటారు. పరీక్షకు అది తప్పదు. కానీ పక్కనే ఇంకో చిన్న పుస్తకం పెట్టుకుని, తమకు తోచిన ప్రశ్నలూ ఉపాయాలూ అందులో రాసుకుంటే? రేపు ఉద్యోగం వచ్చి బడికి వెళ్లాక, పిల్లల ముందు తెరవాల్సింది ఆ రెండో పుస్తకమే!