అపరాధపరిశోధక నవలాకర్తయు, ఆతని పాఠకులును

గ్రంథము వ్రాయుట యొక పని; దానిని జనులకడకు గొనిపోవుట వేఱొక పని. మన పూర్వకవులు రాజాస్థానములకేగి తమ కృతులను స్వయముగా వినిపించుచుండిరి. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి మున్నగు సంస్థానములలో అవధానములు సల్పి, పృచ్ఛకుల ప్రశ్నలకు సభయందే పద్యములతో సమాధానము చెప్పిరి. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట కర్తకును పాఠకునకును నడుమ దూరము పెరిగినది. ఆ దూరమును దాటుటకై నేటి గ్రంథకర్తలు ఊరూర నుపన్యసింతురు, పుస్తకములపై చేవ్రాళ్లు చేయుదురు, జాబులకు బదులు వ్రాయుదురు. ఈ పనిలో అపరాధపరిశోధక నవలలు వ్రాయువారికి గల విశేషమును, ఆంగ్లరచయిత సర్ ఆర్థరు కోనన్ డాయిలు చరిత్రమునుబట్టి మనవి చేసెదను.

డాయిలు 1859లో ఎడింబరో నగరమున జన్మించెను. వైద్యము చదివి, పోర్ట్సుమతు చెంతనున్న సౌత్‌సీలో వృత్తి నారంభించెను. రోగులు తక్కువ, తీరిక యెక్కువ. ఆ తీరికలో షెర్లాక్ హోమ్సు అను పరిశోధకుని సృష్టించెను. 1887లో వెలువడిన మొదటి నవలకు సర్వహక్కులకును గలిపి ఆతనికి ముట్టినది 25 పౌనులు. 1891 నుండి స్ట్రాండు పత్రికలో చిన్నకథలు రాగా, కీర్తి దేశమంతట వ్యాపించెను. అయినను చారిత్రకనవలలే తన గొప్ప రచనలని యాతని తలంపు. అందుచే 1893 డిసెంబరు కథలో హోమ్సును స్విట్జర్లండునందలి రైఖెన్‌బాకు జలపాతము పాలుచేసెను. పాఠకులు కోపించిరి. ఒక యామె తన జాబును తిట్టుతోనే మొదలిడెనని డాయిలే స్వీయచరిత్రమున చెప్పుకొనెను.

తరువాతి సంవత్సరము, 1894లో, మేజరు పాండు అను నిర్వాహకుని యేర్పాటుపై ఆతడు అమెరికాలో ఉపన్యాసయాత్ర చేసెను. ఊరినుండి ఊరికి తిరుగుచు తన రచనలను చదివి వినిపించి, వాని పుట్టుపూర్వోత్తరములు చెప్పెను. వినవచ్చినవారు హోమ్సువలె బక్కపలుచని వానిని చూడ నిరీక్షించిరి. వేదికపై గనబడినది బలిష్ఠుడు, గుబురుమీసములవాడు. వారికి కావలసినది ఈతడు కాదు, ఈతడు చంపినవాడు! తుదకు 1903లో హోమ్సును మరల బ్రతికింపక తప్పలేదు.

ఇట్లేల జరుగును? రసకావ్యమును చదువువాడు కవితోడ గలిసి యానందించును. అపరాధపరిశోధక నవలను చదువువాడన్ననో, కర్తతో పందెము వైచికొని చదువును. ఆధారములన్నియు చూపితివా, కొన్ని దాచితివా అని యడుగుచునే యుండును. నేను బడిలో చదువు చెప్పిన దినములలో, వ్యాకరణసూత్రమును మఱచిన పిల్లవాడు సయితము ఇట్టి నవలలో నూఱవ పుటయందలి పొరపాటును వేలు పెట్టి చూపెడివాడు. ఇట్టి పాఠకుడు కర్తను కలిసికొన్నప్పుడు స్తోత్రముతో నూరకుండడు, లెక్క యడుగును.

డాయిలు అట్టి లెక్క చెప్పవలసివచ్చెను. ‘ప్రయరీ స్కూలు’ కథలో హోమ్సు సైకిలు చక్రముల జాడ చూచి, అది ఏ దిక్కునకు పోయినదో చెప్పును. అట్లు చెప్పుట సాధ్యము కాదని పెక్కుండ్రు జాబులు వ్రాసిరి. డాయిలు తన సైకిలు నెక్కి పోయి పరీక్షించెను. చదునునేలపై పాఠకుల మాటయే నిజమని తేలెను. మిట్టపల్లముల నేలపై మాత్రము, ఎక్కునపుడు జాడ లోతుగను దిగునపుడు తేలికగను పడునని కనుగొనెను. మఱికొందఱు హోమ్సు నిజముగా నున్నాడనియే నమ్మి, ఆతని పేర జాబులు పంపుచుండిరి. ఆతడు తేనెటీగలను పెంచుచు విశ్రాంతి గొనుచున్నాడని తెలియగా, ఇల్లు చక్కబెట్టెదమని కొందఱు వృద్ధస్త్రీలు ముందునకు వచ్చిరి.

ఇంతవరకు వినోదమే. కాని కథలో న్యాయము జరిపించినవాని యొద్ద, లోకమున న్యాయము దొరకనివారును ఆశపెట్టుకొందురు. జార్జి ఎదల్జీ బర్మింగుహాములో న్యాయవాది. తండ్రి బొంబాయిలో జన్మించిన పారసీకుడు. క్రైస్తవుడై, స్టాఫర్డుషైరులోని గ్రేట్ వైర్లీ గ్రామమున చర్చి గురువుగా నుండెను. 1903లో, రాత్రివేళ ఒక గుఱ్ఱమును కోసి గాయపఱచెనను నేరమునకు జార్జికి ఏడేండ్ల కఠినశిక్ష పడెను. మూడేండ్లకు విడుదల చేసిరి గాని, నిర్దోషి యనలేదు. 1906లో ఆతడు పత్రికలో వ్రాసికొన్న తన గోడు డాయిలు కంట బడెను. ఒక హోటలులో ఆతనిని కలిసికొన నేగి, డాయిలు మొదట దూరమునుండియే చూచెను. జార్జి వార్తాపత్రికను కన్నులకు మిక్కిలి దగ్గరగా పట్టుకొని చదువుచుండెను. ఇంత చూపు తక్కువవాడు చీకటిలో పొలములు దాటిపోయి అట్టి పని చేయుట అసంభవమని ఆతనికి తోచెను. 1907 జనవరిలో డెయిలీ టెలిగ్రాఫు పత్రికలో వ్యాసములు ప్రకటించి, ఎల్లరును పునర్ముద్రించుకొనుటకై వానిపై హక్కును వదలుకొనెను. ఆ యేటనే ప్రభుత్వము జార్జికి క్షమాభిక్ష నొసగెను. నష్టపరిహారము మాత్రము ఈయలేదు. న్యాయవాదుల పట్టికలో ఆతని పేరు మరల చేరెను. నేరవిచారణలపై అప్పీలు వినుటకు ఇంగ్లండులో ప్రత్యేకన్యాయస్థానము నెలకొల్పిన 1907 నాటి శాసనమునకు ఈ యలజడియు ఒక కారణము.

గ్రంథకర్త తన పుస్తకమును అమ్ముకొనుటకై తిరిగిన తప్పులేదు. కుమ్మరియు కుండను సంతకు తెచ్చును. కొనువాడు వ్రేలితో కొట్టి చూచుట కొప్పుకొనును. డాయిలు యాత్రలలో ధనము గడించెను, జాబులచే విసిగెను. అయినను, ఆధారమును చూచి సత్యమును గ్రహింపవలెనని కథలలో తాను బోధించినది, ఒక యువకుని మానము పోవుచున్నవేళ తానే యాచరించి చూపెను. పాఠకులు ఆతనియందుంచిన నమ్మకమునకు ఇంతకంటె తగిన బదులు వేఱొకటి నాకు కానరాదు.