పాత పాట మళ్ళీ పాడితే అది మన పాట అవుతుందా? బిగ్ బ్యాండ్ ఆల్బమ్ కథ, మన బ్యాండు మేళం కథ

ఈ ఎపిసోడ్‌కి ఒక ఉత్తరం కారణం. నందిగామ నుంచి ఒకమ్మాయి రాసింది. ఫోన్‌లో కరోకే ట్రాక్ పెట్టుకుని పాత పాటలు పాడుతుందట. గొంతు బాగుందని అందరూ అంటారట. కానీ ఇంట్లో ఒక మాట అన్నారట: "ఎవరో పాడేసిన పాటలే కదా, నువ్వు కొత్తగా చేసిందేముంది?" పైగా ఈ మధ్య ఒక వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ కూడా వచ్చింది. "అన్నా, ఇక ఆపేయనా?" అని అడిగింది.

ఆపొద్దు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఎందుకు ఆపొద్దో తెలియాలి కదా. అందుకే ఈ రోజు జాజ్ గాయకులు చేసే ఒక పని గురించి మాట్లాడుకుందాం. వాళ్ళు ఎనభై, తొంభై ఏళ్ళనాటి పాటలు తీసుకుని, పదిహేడు మంది వాయిద్యకారుల్ని వెనక పెట్టుకుని, ఆల్బమ్ రికార్డు చేస్తారు. ఆ పాటలు అప్పటికే వందల మంది పాడి ఉంటారు. అయినా జనం వింటారు, అవార్డులు ఇస్తారు. ఎలా?

ముందు 'స్టాండర్డ్' అనే మాట చూద్దాం. ఏ పాటనైతే ఎవరైనా పాడొచ్చో, అందరికీ ముందే తెలుసో, అయినా మళ్ళీ వినాలనిపిస్తుందో, దాన్ని జాజ్‌లో స్టాండర్డ్ అంటారు. ఇదేదో మనకి తెలియని సంగతి అనుకోకండి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు ఉన్నాయి కదా, అవి మన స్టాండర్డ్స్. తిరునాళ్ళలో రాత్రి నాటకం మొదలయ్యేసరికి ముందు వరసలో కూర్చున్న తాతయ్యకి ప్రతి పద్యం కంఠతా వచ్చు. మరి ఎందుకొచ్చినట్టు? ఈ కృష్ణుడు ఎలా పాడతాడో చూడ్డానికి. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడు వేరు, షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుడు వేరు, ఈలపాట రఘురామయ్య గారి కృష్ణుడు వేరు. పద్యం అదే. రాగం ఎక్కడ సాగదీశాడు, ఏ మాట దగ్గర ఆగాడు, హార్మోనియం ఆయన్ని ఎలా అందుకుంది, జనం చూసేది అది. నచ్చితే "వన్స్ మోర్" అంటారు. జాజ్ కూడా అంతేనండీ. పాట ఏంటన్నది సగమే. ఎలా పాడారన్నది మిగతా సగం.

ఇక బిగ్ బ్యాండ్. మామూలుగా నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, ఐదు సాక్సోఫోన్లు ఉంటాయి. వీటికి తోడు పియానో, గిటారు, పెద్ద బేస్ వాయిద్యం, డ్రమ్స్. మొత్తం పదిహేడు. అమెరికాలో 1935 నుంచి పదేళ్ళపాటు ఈ బ్యాండ్లదే రాజ్యం. బెన్నీ గుడ్‌మన్, డ్యూక్ ఎల్లింగ్టన్, కౌంట్ బేసీ, వీళ్ళ బ్యాండ్ వాయిస్తుంటే వేల మంది డ్యాన్స్ చేసేవాళ్ళు. గాయకుడు అప్పట్లో బ్యాండులో ఒక మనిషి, అంతే. వాయిద్యాల మధ్యలో లేచి ఒక చరణం పాడి కూర్చునేవాడు.

నేను జగ్గయ్యపేటలో పెరిగాను. మా ఇంటి ముందు నుంచి ఎన్ని పెళ్ళి ఊరేగింపులు పోయాయో లెక్కలేదు. క్లారినెట్, ట్రంపెట్, సాక్సోఫోన్, సైడ్ డ్రమ్ము, పెద్ద డ్రమ్ము. చూడండి, వాయిద్యాలు చాలావరకు అవే! మిలటరీ బ్యాండుల్లో వాడే ఈ ఇత్తడి వాయిద్యాలు అమెరికాలో నల్లజాతి వాళ్ళ చేతుల్లో పడి జాజ్ అయ్యాయి. ఇక్కడ బ్రిటిష్ వాళ్ళ సైనిక బ్యాండుల నుంచి వచ్చి మన పెళ్ళి మేళం అయ్యాయి. ఒకే కుటుంబంలో విడిపోయిన అన్నదమ్ముల లాంటివాళ్ళు. తేడా ఏంటంటే, మన బ్యాండు మేళంలో పాట మాటలు పాడే పని క్లారినెట్‌ది. గాయకుడు ఉండడు. బిగ్ బ్యాండులో గాయకుడు వచ్చి చేరాడు.

ఇద్దరు అన్నదమ్ములూ సినిమాల దగ్గర మళ్ళీ కలుసుకున్నారు. బొంబాయి హోటళ్ళలో జాజ్ వాయించే గోవా వాయిద్యకారులు హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లోకి వచ్చారు. చిక్ చాకొలెట్ అనే ట్రంపెట్ విద్వాంసుడు 1951లో వచ్చిన అల్బేలా సినిమాకి సంగీత దర్శకుడు సి. రామచంద్ర దగ్గర పనిచేశాడు. మద్రాసులో మన తెలుగు పాటలకీ ఆ గాలి తగిలింది. ఎల్.ఆర్. ఈశ్వరి గారు పాడిన క్లబ్ పాటలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. వెనకాల ట్రంపెట్లు ఎలా అరుస్తాయో, సాక్సోఫోన్ ఎలా జారుతుందో తెలుస్తుంది. అంటే బిగ్ బ్యాండ్ మన చెవులకి కొత్త కాదు. పేరే కొత్త.

సరే, ఆల్బమ్ ఎలా తయారవుతుంది? మొదటి మెట్టు పాట ఎంచుకోవడం. రెండోది శ్రుతి. గాయకుడి గొంతు ఎక్కడ హాయిగా ఉంటుందో చూసి పాటని అక్కడికి జరుపుతారు. కరోకేలో మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చేయనిది ఇదే. ఒరిజినల్ శ్రుతిలోనే ట్రాక్ దొరికింది కాబట్టి గొంతు చించుకుని దాని వెంట పరిగెడతారు. నిజానికి పాట మన దగ్గరికి రావాలి, మనం దాని దగ్గరికి కాదు.

మూడోది అసలు పని, అరేంజ్‌మెంట్. అరేంజర్ అనే ఆయన కూర్చుని పదిహేడు మందికీ ఎవరెక్కడ వాయించాలో, ఎవరెక్కడ ఆగాలో కాగితం మీద రాస్తాడు. ఒక ఉదాహరణ చెప్తాను. 'ఫ్లై మీ టు ది మూన్' మీరు రీల్స్‌లో వినే ఉంటారు. దాన్ని బార్ట్ హోవార్డ్ 1954లో రాసినప్పుడు పేరు 'ఇన్ అదర్ వర్డ్స్'. అది మూడు దెబ్బల నడకలో, వాల్ట్జ్‌లా, నెమ్మదిగా ఉండేది. పదేళ్ళ తర్వాత, 1964లో, ఫ్రాంక్ సినాట్రా కౌంట్ బేసీ బ్యాండుతో పాడినప్పుడు క్విన్సీ జోన్స్ దాన్ని నాలుగు దెబ్బల నడకలోకి మార్చాడు. మన భాషలో చెప్పాలంటే తిస్రం నుంచి చతురస్రానికి. మాటలు అవే, వరస అదే. కానీ ఇవాళ ప్రపంచానికి గుర్తున్నది ఆ నాలుగు దెబ్బల పాటే.

నాలుగోది ఊపిరి. సినాట్రా కుర్రాడిగా టామీ డోర్సీ బ్యాండులో పాడేవాడు. డోర్సీ ట్రాంబోన్ వాయిస్తూ ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో కనిపించేది కాదట. అది చూసే పొడుగాటి వాక్యం తెగకుండా పాడటం నేర్చుకున్నానని సినాట్రా తర్వాత చెప్పుకున్నాడు. గాయకుడు గాయకుడి దగ్గరే కాదు, వాయిద్యం దగ్గర కూడా నేర్చుకుంటాడన్నమాట. మన దగ్గర నాదస్వరం విని పాట దిద్దుకున్న విద్వాంసులు లేరా? అలాగే.

ఐదోది రికార్డింగ్. బ్యాండ్ మొత్తం ఒకే గదిలో వాయిస్తుంటే గాయకుడు పక్కన అద్దాల గదిలోనో, ఒక్కోసారి బ్యాండు ఎదురుగానో నిలబడి పాడతాడు. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదలు. మన ఘంటసాల గారి కాలంలో మద్రాసులో జరిగింది కూడా ఇదే పద్ధతి. అందుకే ఆ పాటల్లో గొంతూ వాయిద్యాలూ ఒకదానికొకటి బదులు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. కరోకే ట్రాక్ మీ మాట వినదు. మీరు ఆగితే అది ఆగదు. మనుషులు వింటారు.

ఇప్పుడు ఆ అమ్మాయి ఇంట్లో వాళ్ళ ప్రశ్నకి వద్దాం: కొత్తగా చేసిందేముంది?

ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ అని మహా గాయని. 1956లో కోల్ పోర్టర్ పాటలతో ఒక ఆల్బమ్ చేసింది. అక్కడి నుంచి 1964 దాకా ఒక్కొక్క రచయిత పాటలు తీసుకుని వరసగా 'సాంగ్ బుక్' ఆల్బమ్‌లు చేసింది. ఒక్కటీ తను రాసిన పాట కాదు. అయినా ఆ పాటలకి ఇవాళ కొలత ఆవిడ గొంతే. 1960 ఫిబ్రవరిలో బెర్లిన్ కచేరీలో 'మాక్ ది నైఫ్' పాడుతూ మధ్యలో మాటలు మర్చిపోయింది. ఆగలేదు. అప్పటికప్పుడు సొంత మాటలు అల్లేసింది, అర్థం లేని శబ్దాలతో స్వరాలు పాడేసింది. ఆ రికార్డింగ్‌కే గ్రామీ అవార్డు వచ్చింది. పాట వేరేవాళ్ళదే. ఆ రాత్రి మాత్రం ఆవిడది.

ఇంకొకరు లిండా రాన్‌స్టాట్. 1970లలో పెద్ద రాక్ స్టార్. పాత స్టాండర్డ్స్ పాడతానంటే రికార్డు కంపెనీ వాళ్ళు వద్దన్నారు, ఉన్న పేరు పోతుందన్నారు. ఆవిడ వినలేదు. సినాట్రాకి పనిచేసిన నెల్సన్ రిడిల్‌ని పిలిపించి 1983లో 'వాట్స్ న్యూ' ఆల్బమ్ చేసింది. అమెరికాలోనే ముప్పై లక్షల కాపీలు దాటింది.

మూడో కథ మీకు దగ్గరది, ఎందుకంటే అందులో లేడీ గాగా ఉంది. టోనీ బెన్నెట్‌తో కలిసి 2014లో ఒక స్టాండర్డ్స్ ఆల్బమ్ చేసింది. అప్పటికి ఆయనకి 88 ఏళ్ళు. 2016లో ఆయనకి అల్జీమర్స్ అని తేలింది. అయినా ఇద్దరూ కలిసి కోల్ పోర్టర్ పాటలతో ఇంకో ఆల్బమ్ పూర్తిచేశారు, అది 2021లో వచ్చింది. మనుషుల్నీ రోజుల్నీ మర్చిపోతున్న మనిషికి పాటలు మాత్రం నిలిచాయి. ఎందుకంటే అవి డెబ్బై ఏళ్ళు రోజూ పాడినవి. పాత పాట మళ్ళీ పాడటం కాపీ కొట్టడం కాదండీ, ఆ పాటకి ఒక మనిషిలో ఇల్లు కట్టడం.

ఇక కాపీరైట్. ఇది జాగ్రత్తగా వినండి. ఒక పాటలో మూడు వేర్వేరు హక్కులుంటాయి. మాటలు, వరస, రికార్డింగ్. మన దేశంలో మాటలకీ వరసకీ, వాటిని చేసినవాళ్ళు చనిపోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. రికార్డింగ్‌కి విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు. కరోకే ట్రాక్ కూడా రికార్డింగే, దానికీ యజమాని ఉంటాడు. అందుకే 'నేనే పాడాను కదా' అంటే సరిపోదు. కవర్ పాటల కోసం చట్టంలో 31సి అనే సెక్షన్ ఉంది, 2012 సవరణలో వచ్చింది. మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్ళు గడవాలి, ముందే నోటీసు ఇవ్వాలి, మామూలుగా కనీసం 50,000 కాపీలకి రాయల్టీ ముందుగా కట్టాలి. ఇది కంపెనీలకి సరిపోతుంది గానీ ఫోన్‌లో పాడే మనకి కష్టం. మనకి తేలిక దారి, హక్కుదారు అనుమతి అడగడం, లేదా హక్కు తీరిపోయిన పాట పాడటం.

అలాంటివి ఉన్నాయా అంటే, బోలెడు. త్యాగరాజ స్వామి 1847లో వెళ్ళిపోయారు, కీర్తనలు అందరివీ. అన్నమయ్య మాటలు అందరివీ, కానీ వరస దగ్గర జాగ్రత్త. మనం వినే చాలా వరసలు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. తిరుపతి వేంకట కవుల్లో తిరుపతి శాస్త్రి గారు 1920లో, చెళ్ళపిళ్ళ వారు 1950లో పోయారు. లెక్కేసుకోండి, 2010తో అరవై ఏళ్ళు నిండాయి. అంటే తెలుగువాళ్ళ అసలు స్టాండర్డ్స్, ఆ నాటక పద్యాలు, ఇప్పుడు ఎవరైనా పాడుకోవచ్చు. ఎవరో రికార్డు చేసిన ఆడియో వాడకుండా మీ గొంతుతో, మీ రాగంతో పాడితే చాలు.

కాబట్టి నందిగామ చెల్లెమ్మా, నా సలహా ఇది. కరోకే పక్కన పెట్టు. మీ ఊళ్ళోనో, జగ్గయ్యపేటలోనో, పెనుగంచిప్రోలులోనో బ్యాండు మేళం వాళ్ళుంటారు. ముహూర్తాలు ఉన్న నెలల్లోనే వాళ్ళకి పని, ఆ పనిని కూడా డీజే బాక్సులు తినేస్తున్నాయి. ముహూర్తాలు లేని నెలలో వెళ్ళి అడుగు. ఒక క్లారినెట్, ఒక ట్రంపెట్, ఒక డ్రమ్ము చాలు. ఊరికే వాయించమనకు, వాళ్ళ కూలి వాళ్ళకివ్వు. వాళ్ళు నోట్స్ చదవకపోవచ్చు, కానీ ఒక్కసారి వింటే పట్టేస్తారు.

స్టూడియో అక్కర్లేదు. తొలి రోజుల్లో చాలా బ్యాండ్లని ఒకటి రెండు మైకులతోనే రికార్డు చేశారు. కిటుకు ఒక్కటే, గట్టిగా మోగేది దూరంగా, మెత్తగా వినిపించేది దగ్గరగా. ఫోన్‌ని నీకు రెండడుగుల దూరంలో పెట్టు. క్లారినెట్‌ని ఆరేడు అడుగులు, ట్రంపెట్‌ని డ్రమ్మునీ ఇంకా వెనక్కి. ఫ్లైట్ మోడ్ పెట్టు. ఖాళీ హాల్లో గొంతు మోగిపోతుంది, అందుకని బట్టలూ పరుపులూ ఉన్న గదో, ఆరుబయలో నయం. ఒక నిమిషం రికార్డు చేసి విను, ఎవరిని జరపాలో తెలిసిపోతుంది.

మొదటిసారి బాగా రాదు. ఐదోసారికి క్లారినెట్ ఆయన నీ ఊపిరి కోసం ఆగుతాడు. అప్పుడు ఇంట్లో వాళ్ళకి అది వినిపించు. కొత్తగా చేసిందేముందో వాళ్ళకే తెలుస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో హార్మోనియం మన నాటకాల్లోకి ఎలా వచ్చిందో మాట్లాడుకుందాం.