పుచ్చకాయ తొక్క ఖరీదు 26 రూపాయలు

కిలో 20 రూపాయల చొప్పున 4 కిలోల పుచ్చకాయ కొన్నారనుకోండి. కాయ బరువులో ఇంచుమించు మూడో వంతు తొక్కే. అంటే ఇచ్చిన 80 రూపాయల్లో 26 రూపాయలు చెత్తబుట్టకే. తొక్క తీసి తూచే దుకాణదారు ఎవరున్నారు!

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక అంచనా ప్రకారం మన దేశంలో ఇళ్లలో ఏటా మనిషికి 55 కిలోల ఆహారం వృథా అవుతోంది. ప్రపంచ సగటు 79. ఇందులో మిగిలిపోయిన అన్నమే కాదు, తొక్కలూ గింజలూ ఎముకలూ కలిసే ఉంటాయి. వాటిలో పొయ్యెక్కదగ్గవి ఏవన్నదే తేల్చుకోవాలి.

పెద్దపీట పుచ్చకాయకే. అది సొరకాయ, దోసకాయల కుటుంబం. తెల్లభాగంలో 90 శాతానికి పైగా నీరే. వండితే రుచీ సొరకాయ దరిదాపుల్లోనే ఉంటుంది. కోయకముందే కాయను బాగా కడగాలి. తొక్కను రెండు వేళ్ల వెడల్పు బద్దలుగా కోసుకున్నాకే ఆకుపచ్చ చెక్కు తీయాలి; పెద్ద ముక్కయితే పీలర్ జారుతుంది. చెక్కు పోగా కిలోకి కాస్త తక్కువగా ముక్కలు మిగులుతాయి. అరకిలో ముక్కలకు అరగంట నానిన గుప్పెడు పెసరపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు చాలు. నీళ్లు పోయొద్దు. ఉప్పు తగలగానే ముక్కలు వదిలే నీటిలోనే మూతపెట్టి 12 నిమిషాలు మగ్గనివ్వాలి. గ్లాసెడు పోశారో, కూర కాస్తా పులుసవుతుంది. లోపలి ఎరుపు సన్నటి చారలా వదిలేస్తే కొంచెం తీపి తగులుతుంది. నాకైతే అదే ఇష్టం.

మిగతావాటికి అంత కథ లేదు. బెంగాలీలు కూరఅరటి తొక్కను ఉడికించి నూరి, నూనెలో వేయించి అన్నంలో కలుపుకుంటారు. బీరపొట్టు పచ్చడి తినే మనకు అది వింతేమీ కాదు. పనసపండు బరువులో 10 నుంచి 15 శాతం గింజలే. వాటిని ఉడికించే తినాలి. ప్రొటీన్ అరుగుదలను అడ్డుకునే గుణం వేడికి చాలావరకు పోతుంది.

మామిడి టెంక సంగతి వేరు. లోపలి జీడిలో సుమారు 10 శాతం కొవ్వు. చాక్లెట్‌లో దాన్ని 5 శాతం దాకా కలుపుకోవచ్చని ఐరోపా సమాఖ్య 2000లోనే ఒప్పుకుంది. అలా అనుమతి పొందిన 6 కొవ్వుల్లో ఇదొకటి. అది ఫ్యాక్టరీల పని. మన మన్యంలోనూ, పక్కనున్న ఒడిశా కొండల్లోనూ తిండి కరువైన నెలల్లో జీడిని నానబెట్టి, వగరు పోగొట్టి టెంకల అంబలి కాస్తారు. వానాకాలపు తేమకు ఆ జీడి ఇట్టే బూజు పడుతుంది. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో ఆ అంబలి తాగాక 20 మందికి పైగా చనిపోయారు. అందుకే టెంకలు దాచి ఇంట్లో పొడి కొట్టుకొమ్మని మాత్రం నేను చెప్పను.