మన దగ్గర పనిచేసేవారి మనశ్శాంతి

పోయిన ఏడాది మా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఆరో తరగతి పిల్లవాడి తండ్రి వచ్చి మా ఎదుట కూర్చున్నాడు. మూడేళ్లలో ఆయన బడి మెట్లెక్కడం అదే మొదటిసారి. బట్టల దుకాణంలో సేల్స్‌మన్. "మీవాడు లెక్కల్లో వెనకబడ్డాడు. ఇంట్లో కాస్త కూర్చోబెట్టి చూసుకోండి" అన్నాం.

ఆయన తల దించుకున్నాడు. "ఎప్పుడు చూడమంటారు సార్? పొద్దున వాడు బడికి పోయే హడావుడిలో ఉంటాడు. రాత్రి నేనొచ్చేసరికి నిద్రపోయి ఉంటాడు. ఈమధ్య నాకు నిద్ర కూడా పట్టడం లేదు. దుకాణంలో పడిన మాటలన్నీ ఇంటికి తెచ్చి వీళ్ల మీద కక్కుతున్నాను" అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. అంతవరకు ఆయనను బాధ్యత తెలియని తండ్రి అనుకున్నాం. పిల్లవాడి లెక్కల సమస్యకు మూలం మా తరగతి గదిలో లేదు, తండ్రి పనిచేసే చోట ఉంది.

ఈ సంచిక చదివే దాతల్లో చాలామందికి దుకాణాలు, వర్క్‌షాపులు, క్లినిక్కులు, బడులు ఉన్నాయి. ఇద్దరికో, ఇరవై మందికో, రెండు వందల మందికో నెలనెలా జీతమిచ్చే చేతులు మీవి. అందుకే ఈ నాలుగు మాటలు మీతో పంచుకుంటున్నాం.

మనసు అలసిపోవడం అంటే ఏమిటి?

మానసిక ఆరోగ్యం అనగానే మనవాళ్లకు పిచ్చి గుర్తుకొస్తుంది. అది సరైన అవగాహన కాదు. రోజువారీ ఒత్తిళ్లను తట్టుకుంటూ, తన పని తాను చేసుకుంటూ, నలుగురితో కలిసి మెలగగలగడమే మానసిక ఆరోగ్యం. షుగరు, బీపీ లాగానే ఇదీ ఎవరికైనా తప్పవచ్చు.

పని ఒత్తిడి నెలల తరబడి తగ్గకుండా ఉంటే మనిషి లోపల ఖాళీ అయిపోతాడు. దీన్నే 'బర్నౌట్' అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మూడు గుర్తులు చెప్పింది. ఒకటి, ఒంట్లో శక్తి అంతా పోయినట్టు ఉండడం. రెండు, చేసే పని మీద విరక్తి. మూడు, పనితనం తగ్గిపోవడం. ఇది జబ్బు కాదనీ, పనిచేసే చోట పుట్టే పరిస్థితి అనీ ఆ సంస్థే స్పష్టం చేసింది. పనిచేసే చోట పుట్టింది కాబట్టి అక్కడ మార్పు రాకుండా ఇది తగ్గదు.

2019లో పనిచేసే వయసున్న పెద్దల్లో నూటికి 15 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దిగులు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయి. మన దేశంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే కూడా పెద్దల్లో నూటికి పదిమందికి పైగా ఇలాంటి సమస్యలతో ఉన్నారనీ, వారిలో అత్యధికులకు వైద్యం అందడం లేదనీ తేల్చింది.

గంటల లెక్క

దుకాణంలో పొద్దున 10 నుంచి రాత్రి 10 దాకా పని. మధ్యలో భోజనానికి గంట తీసేస్తే రోజుకు 11 గంటలు. వారానికి ఆరు రోజులైతే 66 గంటలు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారి కంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. అంటే ఎక్కువ గంటల పని మనసుతో పాటు ఒంటినీ దెబ్బతీస్తుంది.

గంటలొక్కటే కారణం కాదు. జీతం ఏ తారీఖున వస్తుందో తెలియకపోవడం, గిరాకీల ముందు తిట్లు తినడం, సెలవు అడగాలంటే భయం, ఇంటికెళ్లాక కూడా ఆగని ఫోన్లు, ఇవన్నీ మనిషిని తినేస్తాయి. ఆడవాళ్లకు ఇంటిపని అదనం. రోజంతా నిలబడే పని, సరైన మరుగుదొడ్డి లేకపోవడం వాళ్లకు మరో శిక్ష. కేరళలో కోళికోడ్ బట్టల దుకాణాల్లో పనిచేసే మహిళలు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడితే, 2018లో ఆ రాష్ట్రం చట్టం సవరించింది. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. ఒక స్టూలు కోసం చట్టం దాకా వెళ్లాల్సి రావడం ఆలోచించవలసిన విషయం.

మా తప్పు ఒకటి

ఇతరులకు చెప్పేముందు మా సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక బడి బాధ్యతలు చూస్తున్నప్పుడు రాత్రి పదిన్నరకు కూడా టీచర్ల వాట్సాప్ గ్రూపులో పనులు పురమాయించేవాళ్లం. చంటిబిడ్డ తల్లి అయిన ఒక టీచరు అప్పుడే సెలవు ముగించుకుని చేరింది. ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. పుస్తకాలు దిద్దకుండా పేరుకుపోయేవి. ఒకరోజు స్టాఫ్ రూములో అందరి ముందూ గట్టిగా అన్నాం. ఆ తర్వాత ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. రెండు నెలలకు రాజీనామా ఇచ్చి వెళ్లిపోయింది.

ఏడాది తర్వాత అనుభవ పత్రం కోసం వచ్చినప్పుడు తనే చెప్పింది. కాన్పు తర్వాత వచ్చిన డిప్రెషన్‌కు ఆ రోజుల్లో మందులు వాడుతోందట. "ఒక్కసారి పిలిచి ఏమైందమ్మా అని అడుగుతారేమో అని చూశాను సార్" అంది. ముప్పై మంది పిల్లల ముఖాలు చూసి ఎవరికి జ్వరమో చెప్పగలమని గర్వపడేవాళ్లం. పక్క కుర్చీలో ఉన్న మనిషి ముఖం చదవలేకపోయాం. ఆనాటి నుంచి సాయంత్రం ఏడు దాటితే గ్రూపులో మెసేజ్ పెట్టడం మానేశాం. తప్పు దిద్దాలంటే తలుపు వేసి, ఒక్కరితోనే మాట్లాడుతున్నాం.

యజమానులు చేయగలిగినవి

ఇవన్నీ పెద్ద కంపెనీలకే అనుకోకండి. వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

1. పనిగంటలు రాసి గోడకు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లోనూ దుకాణాలు, సంస్థల విషయంలో 1988 నాటి చట్టం వారానికి 48 గంటల పని, వారానికొక రోజు సెలవు, అదనపు గంటలకు రెట్టింపు వేతనం అంటోంది. రంజాన్ చివరి పదిరోజుల్లో దుకాణాలు తెల్లవార్లూ తెరిచే ఉంటాయి. ఆ రోజుల్లో రెండు షిఫ్టులు పెట్టండి, అదనంగా మనుషుల్ని తీసుకోండి. పండగ తర్వాత వంతులవారీగా సెలవులివ్వండి.

2. జీతానికి తారీఖు ఉండాలి. ఐదో తారీఖంటే ఐదో తారీఖే. ఇంటి అద్దె గురించిన బెంగ సగం దానితోనే పోతుంది.

3. మెచ్చుకుంటే నలుగురిలో, మందలిస్తే చాటున.

4. మార్పును గమనించండి. చలాకీ మనిషి మూగబోవడం, లెక్కలో పదేపదే పొరపాట్లు, ఊరికే కోపం, తరచూ తలనొప్పి, కడుపునొప్పి అంటూ సెలవులు, కొత్తగా మత్తు అలవాటు, ఇవి రెండు వారాలు దాటితే పలకరించండి. "ఈమధ్య నీరసంగా కనిపిస్తున్నావు, ఏమైనా ఇబ్బందా? నా వల్ల అయ్యేది ఉంటే చెప్పు" అంటే చాలు. సలహా తర్వాత, ముందు వినండి.

5. విన్నది మీ దగ్గరే ఉంచండి. ఒక్కసారి బయటికి పొక్కితే మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

6. వైద్యం చేయించుకుంటున్న మనిషిని పనిలోంచి తీసేయకండి. కోలుకుని వచ్చాక మొదట తేలిక పని, తక్కువ గంటలు ఇవ్వండి. నేర్చుకున్న మనిషిని పోగొట్టుకుని కొత్తవారికి పని నేర్పడం కన్నా ఇదే లాభం.

7. ఆడవాళ్లకు కూర్చునే చోటు, మరుగుదొడ్డి తప్పనిసరి. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పనివాళ్లకు ఓపిక నేర్పడంతో ఆగలేదు. పని పద్ధతిని మార్చాలనీ, పైవాళ్లకు శిక్షణ ఇవ్వాలనీ సూచించాయి. ఏడాదికొకసారి ప్రసంగం పెట్టించి, మిగతా రోజులన్నీ పాత పద్ధతే నడిపితే ఫలితం ఉండదు.

వైద్యం దగ్గర సంకోచం వద్దు

మనలో కొందరు ముందు తాయెత్తు కట్టిస్తారు. నెలలు గడిచాక గానీ డాక్టరు గుర్తుకు రాడు. దువా చేయడం, ధైర్యం చెప్పడం మంచివే. వాటితో పాటు వైద్యమూ కావాలి. "మనసు గట్టి చేసుకో", "నీకేం తక్కువ" అనే మాటలు బాధను పెంచుతాయే తప్ప తగ్గించవు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు రాసి దుకాణం లోపల అతికించండి. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పనివాళ్లకు ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు ఈ సంగతి అడగండి.

ఎవరైనా చనిపోవాలని ఉందంటే తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలకండి. ఇంటివాళ్లకు కబురు పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చివరగా యజమానులకూ ఒక మాట. అప్పులు, పన్నులు, పడిపోయిన వ్యాపారం, ఇవన్నీ మోస్తూ రాత్రుళ్లు మేలుకునేది మీరే. మీకూ ఆ నంబరు పనికొస్తుంది. మీరూ వారానికొక రోజు ఫోను పక్కన పెట్టి పిల్లలతో కూర్చోండి.

ఆ సేల్స్‌మన్ యజమానిని తర్వాత కలిశాం. ఆయన కోపగించుకోలేదు. "ఎవరూ చెప్పలేదు మాస్టారూ" అన్నారు. ఇప్పుడు ఆ దుకాణంలో ప్రతి ఒక్కరూ వంతులవారీగా వారానికి రెండు రోజులు సాయంత్రం ఏడింటికే ఇంటికి వెళ్తున్నారు. పిల్లవాడి లెక్కలు ఇంకా అంతంత మాత్రమే. కానీ ఈమధ్య హోంవర్కు పుస్తకంలో తల్లి సంతకం చోట తండ్రి సంతకం కనిపిస్తోంది.

ఈ ఏడాది మీరు ఎందరికో సాయం చేస్తారు. ఆ సాయం మొదటి అడుగు మీ కౌంటరు అవతల నిలబడి ఉన్న మనిషి వైపు పడాలని మా విన్నపం. రేపు దుకాణం తెరవగానే ఆయన్ని పేరు పెట్టి పిలిచి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి.