గంజాయి పొట్లమునకు చెరసాలయేనా?

గంజాయి పేరెత్తగానే మనలో ననేకులు ముఖము త్రిప్పుకొందురు. అది బైరాగుల చిలుములలోనిదే కాని మన గృహములకు సంబంధించినది కాదని తలతురు. కాని కళాశాలకు పోవు కుమారుని జేబులో పొట్లము చూచి గుండె జారిన తల్లులు నేడు మన వీధులలోనే యున్నారు. అట్టి బిడ్డను చెరసాలకు పంపవలెనా, వైద్యుని కడకు పంపవలెనా యని మనమే ముందుగా విచారింపవలెను.

ఇది క్రొత్త ప్రశ్నము కాదు. 1893-94లో ఆంగ్లప్రభుత్వము నియమించిన విచారణసంఘము వేయిమందికి పైగా సాక్షులను విచారించి, మితమైన వాడుకవలన గొప్ప హాని లేదనియు, పూర్తి నిషేధముకంటె పన్నులతో అదుపు చేయుట మేలనియు తెలిపెను. 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చినది. అప్పుడు, తన వాడుకకే యుంచుకొంటినని నిందితుడు ఋజువు చేసికొనలేనిచో, కొంచెము గంజాయికిని అయిదేండ్లవరకు శిక్ష పడవచ్చెడిది. 2001లో తూకమునుబట్టి శిక్ష యేర్పడినది. ఒక కిలోవరకైన ఆరు నెలలవరకు ఖైదుగాని, 10,000 రూపాయలవరకు జుల్మానాగాని, రెండునుగాని. 20 కిలోలు మించిన పదినుండి యిరువదేండ్లు. కాని 2014లో చిన్న తూకపు ఖైదును ఏడాదివరకు మరల పెంచిరి.

పోర్చుగల్ దేశము వేరొక త్రోవ పట్టినది. 2001 జూలై మొదలుకొని అచట పది దినముల వాడుకకు మించని మత్తుపదార్థము కలిగియుండుట క్రిమినలు నేరము కాదు. అట్టివానిని న్యాయము, వైద్యము, సంఘసేవ యెరిగిన ముగ్గురి సభయెదుట నిలుపుదురు. అమ్మువానికి మాత్రము శిక్ష తప్పదు.

మేము గంజాయిని మెచ్చుట లేదు. పసివయసున నిత్యము పీల్చువారికి జ్ఞాపకశక్తి సన్నగిల్లును. వంశమున మతిభ్రమణ మున్నవారికి ఆ వ్యాధి పైకి రావచ్చును. అయినను, రోగికి చెరసాల మందగునా? అచట వానికి దొరకు స్నేహములెట్టివి? బయటికి వచ్చిన పిదప ఉద్యోగమిచ్చు వారెవరు? మన్యమునుండి బస్తాలు సాగించు వర్తకుని దండింపుడు. స్వంత వాడుకకు పొట్లముంచుకొన్న వానికి ఖైదు తీసివేసి, జుల్మానాయు చికిత్సయు చాలునని మా యభిప్రాయము.

తల్లులు తప్పక యెరుగవలసిన దొకటి కలదు. ఈ చట్టముననే 64-ఎ అను సెక్షను కలదు. చిన్న తూకముతో పట్టుబడిన వ్యసనపరుడు తానై ప్రభుత్వపు ఆసుపత్రిలోగాని, ప్రభుత్వము గుర్తించిన చికిత్సాలయములోగాని చేరి వైద్యము పొందినచో వానిపై విచారణ నడువదు. చికిత్స నడుమ విడిచినచో ఆ రక్షణ పోవచ్చును. పరువు పోవునని పొట్లమును పొయ్యిలో వేసి ఊరకుండు తల్లికి ఈ మార్గము తెలియదు.

కావున, అమ్మలారా, బిడ్డను కొట్టకుడు, దాచకుడు. చేరదీసి మాటాడి, వైద్యుని కడకు తీసికొనిపొండు. ఓటడుగ వచ్చిన వారిని ఈ చట్టమునుగూర్చి ప్రశ్నింపుడు.