కణత్వచం – ఉప్పు, నీరు

ప్రతి జీవకణానికీ ఒక సరిహద్దు ఉంటుంది. దానిని కణత్వచం అంటారు. దాని మందం ఏడెనిమిది నానోమీటర్లు మాత్రమే. ఇటువంటి పొరలను లక్షకు పైగా పేర్చితే గాని ఒక మిల్లీమీటరు కాదు. ఇంత పలుచని పొర ఏది లోపలికి రావాలో, ఏది రాకూడదో నిర్ణయిస్తుంది. అందుచేతనే దీనికి విచక్షణా త్వచమనే పేరు వచ్చింది. ఎంతో సార్థకమైన పేరు.

త్వచంలో కొవ్వు అణువులు రెండు వరుసలుగా అమరి ఉంటాయి. వాటి నడుమ మాంసకృత్తులు పొదిగి ఉంటాయి. ఆక్సిజన్ వంటి చిన్న అణువులు గాఢత ఎక్కువగా ఉన్న చోటి నుండి తక్కువగా ఉన్న చోటికి కొవ్వు పొర గుండా తమంత తామే సాగిపోతాయి. ఇది విసరణ. చక్కెర, లవణాల అయాన్లు అలా చొరబడలేవు. వాటికి మాంసకృత్తుల ద్వారాలు కావాలి. నీటికి కూడా ప్రత్యేకమైన ద్వారాలున్నాయని 1992లో పీటర్ ఆగ్రె బృందం నిరూపించింది. అందుకు ఆయనకు 2003లో నోబెల్ బహుమతి లభించింది.

నీరు త్వచం గుండా లవణం తక్కువగా ఉన్న వైపు నుండి ఎక్కువగా ఉన్న వైపుకు ప్రయాణిస్తుంది. ఇదే ద్రవాభిసరణ. మాగాయకు తరిగి ఉప్పు కలిపిన మామిడి ముక్కల నుండి మూడు రోజులలో దిగే ఊట దీని ఫలమే. చౌడు నేలలో తడి ఉన్నా పైరు వాడిపోవడానికి కూడా ముఖ్యమైన కారణం ఇదే.

అయితే కొన్ని పదార్థాలను గాఢతకు ఎదురుగా తీసుకొనిపోక తప్పదు. ఏలూరుకు ఉత్తరాన పెదవేగి మెరక తోటలలో పెరిగే ఆయిల్ పామ్ చెట్టుకూ, దక్షిణాన కొల్లేటిలో ఈదే శీలావతి చేపకూ ఈ అవసరం ఒకటే. ఆయిల్ పామ్ పొటాష్‌ను విరివిగా కోరే పంట. 1995లో జాతీయ ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం ఏర్పడింది పెదవేగిలోనే. మట్టి నీటిలో పొటాషియం స్వల్పం. వేరు కణాలలో అధికం. అయినా వేరు దానిని ఇంకా లోపలికి లాగుకొంటుంది. ఏటికి ఎదురీదడం వంటి ఈ పనిని సక్రియా రవాణా అంటారు. దీనికి శక్తి ఖర్చవుతుంది. పాదులో నీరు నిలిచి వేళ్లకు గాలి ఆడకపోతే ఆ శక్తి తగ్గి, ఎరువు వేసినా చెట్టుకు సరిగా అందదు.

ఆ శక్తిని అందించేది ఏటీపీ అనే అణువు. దానిని 1929లో కనుగొన్న వారిలో ఒకరు కొల్లేటికి చేరువలోని భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని వేరుగా కనుగొన్నారు. ఏటీపీ ఖర్చుతో సోడియాన్ని బయటకు, పొటాషియాన్ని లోపలికి పంపే పంపును 1957లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు జెన్స్ స్కో పీత నాడులలో గుర్తించారు.

ఇక శీలావతి. దాని రక్తంలోని లవణాల గాఢత సముద్రపు నీటిలో మూడో వంతుకు దగ్గరగా ఉంటుంది. మంచినీటిలో లవణాలు అతి స్వల్పం. అందువలన మొప్పల గుండా నీరు ఎడతెగక లోపలికి వస్తుంది, లవణాలు జారిపోతాయి. చేప పలుచని మూత్రంగా నీటిని వదులుతూ, మొప్పలలోని కణాల ద్వారా, ఏటీపీని వెచ్చించి, లవణాలను తిరిగి రాబట్టుకొంటుంది.

వర్షకాలంలో బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిని నింపుతాయి; మిగులు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతం చేరుతుంది. వేసవిలో సరస్సు మట్టం తగ్గినపుడు సముద్రపు పోటు అదే ఉప్పుటేరు వెంట ఎగువకు వస్తుంది. దీనిని ఆపడానికి రెగ్యులేటరు నిర్మించాలనే ప్రతిపాదన చాలాకాలంగా ఉంది. నీటిలోని ఉప్పు చేప రక్తంలోని గాఢతను మించితే లెక్క తలకిందులవుతుంది: నీరు బయటకు పోతుంది, ఉప్పు లోపలికి వస్తుంది. పండుగప్ప మొప్పలు అటువంటపుడు ఉప్పును బయటకు తోయగలవు. అందుకే అది సముద్రంలోనూ, మంచినీటిలోనూ బ్రతుకుతుంది. శీలావతి మొప్పలకు ఆ శక్తి లేదు. చుట్టూ నీరున్నా దాని ఒంటిలోని నీరు మాగాయ ముక్కలో ఊట వలె బయటకు పోతుంది.